ఆ రైతు అలా ఎందుకు చేశాడు?

(వ్యవసాయ కళాశాల నాలుగో సంవత్సరం విద్యార్థులతో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్తే. వెనక వరుసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి. ఈ ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు అక్కడిదాకా రాదు.

మీ మేడమ్ నన్ను పిలిచినప్పుడు "ఫారిన్‌లో అగ్రి ఎకనామిక్స్ మాస్టర్స్ చేయాలంటే ఏం చేయాలో మా పిల్లలకు చెప్పమ్మా" అన్నారు. వీసా, ఫీజు, స్కాలర్‌షిప్ సంగతులు చెబుతాను. ముందు మాత్రం ఒక క్లాసులో జరిగింది చెప్పాలి.

నేను చదివింది జర్మనీలో, స్టుట్‌గార్ట్ ఊరి చివర ఉన్న హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో. 2022 అక్టోబరులో చేరాను. రెండో సెమిస్టరులో ఒకరోజు, పల్లెల్లో కుటుంబాలు కరువునీ నష్టాన్నీ ఎలా తట్టుకుంటాయి అనే పాఠం నడుస్తోంది. ప్రొఫెసర్ తెర మీద ఒక పట్టిక వేశారు. అందులో మూడు ఊళ్ల పేర్లున్నాయి. మొదటి పేరు ఔరేపల్లె. పక్కన మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంది.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, కల్వకుర్తి వైపు. బయట చలిగా ఉంది, నా పక్కన ఘనా నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుని ఉంది, తెర మీద మా జిల్లా ఊరి పేరు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి "ఈ ఊరు నాకు తెలుసు, డిగ్రీలో చదివాను" అంది. ఆ ఊరి గురించి అలాంటి చదువు ఒకటుందని నాకు తెలియదు. హైదరాబాద్ రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలలో నాలుగేళ్లు చదివాను. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కి బస్సులో తీసుకెళ్లి జొన్న, కంది, శనగ రకాలు చూపించారు. ఆ సంస్థ మన పల్లెల్లో చేసిన ఇంకో పెద్ద పని గురించి విన్న గుర్తు లేదు.

1975లో ఇక్రిశాట్ వాళ్లు ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. మన మహబూబ్‌నగర్‌లో ఔరేపల్లె, డోకూరు. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లాలో రెండు, అకోలా జిల్లాలో రెండు. ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలు, వాటిలో భూమి లేనివాళ్లూ, చిన్న రైతులూ, పెద్ద రైతులూ అందరూ ఉన్నారు. వివరాలు రాసుకునే మనిషి ఆ ఊళ్లోనే కాపురం ఉండేవాడు. మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి ఏం పండింది, ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలికి వెళ్లారు అని అడిగేవాడు. ఏళ్ల తరబడి అలా అడిగారు. ఆ లెక్కలు ప్రపంచంలో ఎన్ని విశ్వవిద్యాలయాలకు వెళ్లాయో! 1994లో రాబర్ట్ టౌన్సెండ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఆ ఊళ్లలో మూడింటి లెక్కలు తీసుకుని ఒక సంగతి చూపించాడు. ఒక ఇంట్లో పంట పోయినంత మాత్రాన ఆ ఇంటి తిండీ ఖర్చూ అంతే పడిపోవడం లేదు. చేబదుళ్లు, అప్పులు, కూలి పనులు, చుట్టాల సాయం అన్నీ కలిసి ఆ దెబ్బని కొంత పంచుకుంటున్నాయి. అయితే భూమి లేనివాళ్లకి ఆ రక్షణ తక్కువగా ఉంది.

అవే ఊళ్ల మీద 1989లో రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అనే ఇద్దరు ఇంకోటి రాశారు. ఆడపిల్లల్ని దూరం ఊళ్లకి ఎందుకు ఇస్తారు? వానలు రెండు ఊళ్లలో ఒకేసారి ముఖం చాటేయవు కాబట్టి, దూరపు వియ్యం ఒక రకం బీమాగా పనిచేస్తుంది అని వాళ్ల వాదన. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఆ పేపర్ చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మని మా ఊరికి చాలా దూరం నుంచి, చెరువు కింద పొలాలున్న ఊరి నుంచి తెచ్చుకున్నారు. మా దగ్గర చేను ఎండిన ఏడాది అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి బియ్యం బస్తాలు వచ్చేవి. చిన్నప్పటి నుంచి చూసినదే. దాన్ని ఎవరో లెక్కకట్టి నిరూపించారని తెలిసిన రోజు ఈ సబ్జెక్టు నాదనిపించింది.

మీరు ఇక్కడ చదివే ఫార్మ్ మేనేజ్‌మెంట్, అగ్రికల్చరల్ ఫైనాన్స్ పేపర్లు అవసరమే. సాగు ఖర్చు ఎలా లెక్కేయాలో అవి నేర్పుతాయి. మాస్టర్స్‌లో అడిగేది వేరు. రైతు అలా ఎందుకు చేశాడు? ఈ పథకం వల్లే అది జరిగిందని నీకెలా తెలుసు? రెండేళ్లూ ఈ రెండు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తాయి.

నా మొదటి ప్రెజెంటేషన్ ఆ రెండు ప్రశ్నల దగ్గరే కూలిపోయింది. తెలంగాణలో పత్తి రైతుల సమస్యలు అని పది స్లైడ్లు చేశాను. మన రావెప్ (నాలుగో ఏడాదిలో పల్లెలో ఉండి రైతులతో పని నేర్చుకునే కార్యక్రమం) రిపోర్టుల్లో రాసినట్టే రాశాను: రైతులకు అవగాహన లేదు, అందుకే మద్దతు ధర ఉన్నా దళారికి అమ్ముకుంటున్నారు. ప్రొఫెసర్ చాలా మర్యాదగా అడిగారు, "అవగాహన లేదని మీరెలా కనిపెట్టారు?" నా దగ్గర జవాబు లేదు. ఆ మాట మనం ఎన్ని వందలసార్లు రాసి ఉంటాం! రైతు మందు ఎక్కువ కొడితే అవగాహన లేదు, భూసార పరీక్ష చేయించకపోతే అవగాహన లేదు, బ్యాంకుకి వెళ్లకపోతే అవగాహన లేదు.

థియొడోర్ షుల్జ్ పేరు మీరు విని ఉండొచ్చు. 1979లో ఆర్థర్ లూయిస్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. 1964లోనే ఆయన ఒక మాట గట్టిగా చెప్పాడు: పాత పద్ధతిలో సాగు చేసే రైతు పేదవాడే గానీ, తన చేతిలో ఉన్న వనరుల్ని వాడుకోవడంలో తెలివి తక్కువవాడు కాదు. దానికి ఆయన చూపిన సాక్ష్యాల్లో ఒకటి గ్వాటెమాలాలోని ఒక ఊరు, ఇంకోటి మన ఉత్తరప్రదేశ్‌లోని సేనాపూర్. ఆయన వాదనలో అన్నీ నిలబడలేదు, తర్వాతివాళ్లు చాలా ప్రశ్నించారు. కానీ రైతు చేసే పనికి ఏదో కారణం ఉంటుందనుకుని మొదలుపెట్టు, దాన్ని వెతుకు అనే పద్ధతి మాత్రం ఈ సబ్జెక్టులో నిలిచిపోయింది. నేను అక్కడ నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే విలువైంది ఇదే. దీని కోసమైతే ఎంత దూరమైనా వెళ్లమని మీకు చెబుతాను.

ఇప్పుడు మీలో చాలామందికి భయం పుట్టించే విషయం. ఇక్కడ బైపీసీ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. దాదాపు అందరూ. నేనూ అంతే. పదో తరగతి తర్వాత నేను లెక్కలు చూసింది ఫస్టియర్‌లో ఉన్న చిన్న మ్యాథ్స్ కోర్సులోనే, అది కూడా పాసైతే చాలనుకుని చదివాను. హోహెన్‌హైమ్‌లో మొదటి సెమిస్టరులో మైక్రో ఎకనామిక్స్ క్లాసులో రెండో వారానికే బోర్డంతా డెరివేటివ్‌లు. బడ్జెట్ ఇంత ఉంటే వినియోగదారుడు ఏది ఎంత కొంటాడు అన్నది లగ్రాంజ్ పద్ధతిలో తేల్చాలి. ఎకనోమెట్రిక్స్‌లో, అంటే ఆర్థిక విషయాల్ని గణాంకాలతో తేల్చే సబ్జెక్టులో, మాట్రిక్స్‌లు. సెమిస్టరు చివర పరీక్ష రాశాను. జర్మనీలో 1.0 అంటే అన్నిటికంటే మంచి మార్కు, 4.0 వస్తే పాస్, 5.0 అంటే ఫెయిల్. నాకు 5.0 వచ్చింది. ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లని, జీవితంలో ఎప్పుడూ ఫెయిల్ కాలేదు. నాలుగు రోజులు ఇంటికి ఫోన్ చేయలేదు.

ఒక పేపర్‌కి ఎన్నిసార్లు రాయొచ్చో అక్కడ పరిమితి ఉంటుంది, అదో టెన్షన్. నన్ను గట్టెక్కించింది ఇథియోపియా నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్. అతను డిగ్రీ ఎకనామిక్స్‌లో చేశాడు, లెక్కలు నీళ్లలా వచ్చు. రోజూ సాయంత్రం లైబ్రరీలో నాకు చెప్పేవాడు. ఒకరోజు తన టర్మ్ పేపర్ చూపించాడు. రైతుకి ఎకరం భూమి ఉంది, అందులో ఒకే పంట వేస్తాడు అనుకుని మోడల్ కట్టాడు. మా దగ్గర పత్తి సాళ్ల మధ్య కంది సాలు వేస్తామని చెప్పాను. ఎందుకు అన్నాడు. కంది వేరు లోతుకి పోతుంది, పత్తి దెబ్బతిన్నా కంది ఎంతో కొంత చేతికొస్తుంది, ఇంట్లో పప్పుకి కొదవ ఉండదు, పైగా నేలకి నత్రజని అందుతుంది అని చెప్పాను. అతను పెన్ను పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించి, మోడల్ మొత్తం మార్చాడు. ఆ సాయంత్రం తర్వాత ఆ క్లాసులో కూర్చోవడానికి నాకు సంకోచం పోయింది. రెండోసారి రాసి పాసయ్యాను.

కాబట్టి మీరు వెళ్లే ముందు ఆరు నెలలు లెక్కలకి ఇవ్వండి. ఇంటర్ ఎంపీసీ పుస్తకాలు తెచ్చుకోండి, తెలుగు మీడియంవైనా ఫరవాలేదు. ఫంక్షన్లు, డెరివేటివ్‌లు, మాట్రిక్స్‌లు, సంభావ్యత. తర్వాత రిగ్రెషన్ (ఒకదాని మీద మరొకదాని ప్రభావం ఎంతో లెక్కగట్టే పద్ధతి) అంటే ఏమిటో అర్థమయ్యేదాకా చదవండి. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లో వేసుకుని రోజూ ఒక గంట చేయండి. ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కోసం కోచింగ్‌కి వేలు పోస్తాం. లెక్కల కోసం ఎవరూ పోయరు, అక్కడ మునిగేది మాత్రం లెక్కల్లోనే.

హోహెన్‌హైమ్ ఎలా పుట్టిందో కూడా చెప్పాలి, నాకు ఇష్టమైన కథ. 1815లో ఇండోనేషియాలో తంబోరా అనే అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద, వాయువులు ఆకాశంలో పరుచుకుని మరుసటి ఏడాది, 1816లో, యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. వానలు, చలి. చేలల్లో ధాన్యం కుళ్లిపోయింది. హోహెన్‌హైమ్ ఉన్న వుర్టెంబర్గ్ రాజ్యంలో జనం ఆకలితో అల్లాడారు, వేలమంది రష్యాకీ అమెరికాకీ వలస పోయారు. ఆ ఏడాదే గద్దెనెక్కిన ఒకటో విల్హెల్మ్ రాజు 1818లో హోహెన్‌హైమ్ కోటలో వ్యవసాయ పాఠశాల పెట్టించాడు. రైతుల్ని ప్రోత్సహించడానికి అదే ఏడాది కాన్‌స్టాట్‌లో ఒక వ్యవసాయ జాతర కూడా మొదలుపెట్టాడు, అది ఇప్పటికీ జరుగుతోంది. పండ్లు, కూరగాయలు, ధాన్యాలతో అలంకరించిన ఎత్తైన స్తంభం ఒకటి ఆ జాతర మధ్యలో నిలబెడతారు. యూ3 ట్రామ్ ఎక్కి ప్లీనింగెన్‌లో దిగి క్యాంపస్‌లోకి నడుస్తుంటే ఆ కోట కనిపిస్తుంది. ఒక కరువు నుంచి పుట్టిన బడి అది. పాలమూరు పిల్లకి ఆ సంగతి మామూలుగా అనిపించదు.

జర్మన్ల దగ్గర నేర్చుకున్న ఇంకో పాఠం పందుల ధర గురించి. ఆర్తుర్ హనావ్ అనే ఆయన 1928లో పందుల ధరల మీద పరిశోధన ప్రచురించాడు. ధర పెరిగినప్పుడు అందరూ పంది పిల్లల్ని పెంచుతారు, అవి పెరిగి మార్కెట్‌కి వచ్చేసరికి సరుకు ఎక్కువై ధర పడుతుంది. అప్పుడు అందరూ మానేస్తారు, మళ్లీ కొరత, మళ్లీ ధర. ఇలా చక్రం తిరుగుతూనే ఉంటుంది. క్లాసులో ఇది వింటుంటే నాకు మదనపల్లె, పత్తికొండ టమాటాలు కళ్ల ముందు తిరిగాయి. 2023 జులైలో కిలో టమాటా 200 రూపాయలు దాటింది. మరో ఏడాది అదే టమాటా కోత కూలి రాక రోడ్డు పక్కన పారబోస్తారు. గుంటూరు యార్డులో మిర్చి సంగతీ అంతే. 2025 ఫిబ్రవరిలో ధర ఎంత పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు అని నిర్ణయించాల్సి వచ్చింది. రైతులు దురాశతో ఒకే పంట మీద పడ్డారని మనవాళ్లు అంటుంటారు. విత్తే రోజున రైతు చేతిలో ఉన్న సమాచారం పోయినేటి ధర ఒక్కటే అయినప్పుడు ఇంకేం చేస్తాడు? వచ్చే ఏడాది ఎన్ని ఎకరాల్లో మిర్చి పడుతోందో నాట్లకి ముందే చెప్పే ఏర్పాటు ఉందా? ఇలాంటివి మీరు పరిశోధన చేయాల్సిన ప్రశ్నలు.

ఇక కాగితాల సంగతి. జర్మనీలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ హోహెన్‌హైమ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్‌లో మనలాంటి యూరప్ బయటి విద్యార్థులు సెమిస్టరుకి 1,500 యూరోలు కట్టాలి. నాలుగు సెమిస్టర్లు, 120 క్రెడిట్లు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్ అని ఒకటి తెరిచి ఏడాది ఖర్చు ముందే అందులో వేయాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, మన డబ్బుల్లో పది లక్షలు దాటుతుంది. అది ఫీజు కాదు, మీ డబ్బే, నెలకి 992 యూరోల చొప్పున మీకే తిరిగి ఇస్తారు. 2022 నవంబరు నుంచి మన సర్టిఫికెట్లు అసలైనవేనా అని చూసే ఏపీఎస్ పరిశీలన తప్పనిసరి చేశారు, దానికి ముందే దరఖాస్తు పెట్టుకోండి. చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. దాంతో నెల ఖర్చులు కొంతవరకు గడుస్తాయి గానీ ఇంటి అప్పు తీరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. డాడ్ (విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మన్ సంస్థ) వాళ్ల ఎపోస్ కార్యక్రమానికి డిగ్రీ తర్వాత కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి, డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి)గానో, బ్యాంకులోనో, విత్తన కంపెనీలోనో, ఎన్‌జీవోలోనో రెండేళ్లు పని చేసి వెళ్లేవాళ్లకి అది మంచి దారి. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం నడిపించే గ్రామీణాభివృద్ధి మాస్టర్స్‌కి యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ ఉంటుంది. అమెరికాలో అయితే థీసిస్ ఉండే ఎంఎస్‌కి అసిస్టెంట్‌షిప్ దొరికే అవకాశం ఉంది, దానికి అక్కడి ప్రొఫెసర్లకి ముందుగా మెయిల్ రాయాలి. అగ్రిబిజినెస్ అని ఉన్న కోర్సూ అగ్రికల్చరల్ ఎకనామిక్స్ కోర్సూ ఒకటి కాదు, సబ్జెక్టుల జాబితా చూసుకోండి.

నేను అప్పు చేసి వెళ్లాను. దాని గురించి నిజం చెబుతాను. ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టాను, వాళ్లు నా లక్ష్య పత్రం (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే ఎస్‌ఓపీ) వేరే ఎవరిదో కాపీ కొట్టి ఇచ్చారు. అదృష్టం కొద్దీ పంపే ముందు చదివాను, చింపేసి రాత్రంతా కూర్చుని సొంతంగా రాసుకున్నాను. మా నాన్న ఎకరన్నర అమ్ముతానన్నాడు. వద్దని ఏడ్చి, ఏడాది ఉద్యోగం చేసి, కొంత కూడబెట్టి, మిగతాది బ్యాంకు రుణం తీసుకున్నాను. మీలో ఎవరి నాన్నయినా చేను అమ్ముతానంటే దయచేసి ఒక్క ఏడాది ఆగండి. ఢిల్లీలో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, రాజేంద్రనగర్ ఉంది, బాపట్ల ఉంది. అక్కడ చేసిన మాస్టర్స్ చిన్నదేం కాదు, ఆ తర్వాత పీహెచ్‌డీకి జీతంతో బయటికి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు.

థీసిస్ దగ్గరికి వస్తాను. ఆ మొదటి ప్రెజెంటేషన్‌లో నేను జవాబు చెప్పలేని ప్రశ్నే నా థీసిస్ అయింది: మద్దతు ధర ఉండగా కౌలు రైతు పత్తిని ఊళ్లో వ్యాపారికి ఎందుకు అమ్ముతాడు? 2024 జనవరిలో ఇంటికి వచ్చి రెండు మండలాల్లో తిరిగాను. ఆ సీజన్‌లో మన పత్తికి మద్దతు ధర క్వింటాలుకి 7,020 రూపాయలు. ఒక ఇంటి ముందు ఒకామె పత్తి ఏరుతూ కూర్చుంది. నేను ఫారం తీసి, మద్దతు ధర ఎంతో తెలుసా అమ్మా అని అడిగాను. ఆమె తల కూడా ఎత్తలేదు.

"7,020 అని నాకు తెల్వదా బిడ్డా? సెంటర్‌ల అమ్మాలంటే పాసుబుక్కు కావాలె. అది భూమి గలాయన పేరు మీదున్నది. తేమ ఎక్కువుంటే వాపస్ పంపిస్తరు, ఆటో కిరాయి ఎవలిస్తరు? జూన్‌ల విత్తనాలకు, మందు బస్తాలకు పైసలిచ్చింది షావుకారు. ఆయనకు అమ్మకపోతే మల్ల వానాకాలం ఎవలిస్తరు?"

పత్తిలో తేమ 8 శాతం దాటితే, మద్దతు ధరకి పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. పెట్టుబడి సాయం పట్టాదారు పేరు మీద వస్తుంది, కౌలుదారుకి కాదు. అప్పిచ్చినవాడే పంట కొనేవాడు కావడాన్ని మా పుస్తకాల్లో ముడిపడిన మార్కెట్లు అంటారు, దాని మీద ఎన్నో పేజీల లెక్కలుంటాయి. ఆమె ఆరు వాక్యాల్లో మొత్తం చెప్పింది. నేను జర్మనీ తిరిగి వెళ్లి చేసిందల్లా, ఆమె చెప్పిన కారణాల్లో ఏది ఎంత బరువుందో రిగ్రెషన్‌లో తూచడం. ఆ తూకం లేకపోతే ఆమె మాట ఒక ఇంటి కథగా మిగిలిపోతుంది, ఏ అధికారి ముందూ నిలబడదు. ఆమె దగ్గరికి వెళ్లకపోతే ఏం తూచాలో నాకు తెలిసేది కాదు. థీసిస్ మొదటి పేజీలో ఆమెకి కృతజ్ఞతలు రాశాను, పేరు రాయొద్దంది కాబట్టి ఊరి పేరు కూడా రాయలేదు.

చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలలు ఇస్తుంది. ఉద్యోగం దొరకాలంటే చాలాచోట్ల జర్మన్ భాష వచ్చి ఉండాలి, క్లాసులు ఇంగ్లిష్‌లో జరిగినా బయట బతుకు జర్మన్‌లోనే. నేను ఉండలేదు, ఇక్కడికే వచ్చేశాను. ఉండిపోయినవాళ్లలో తప్పేం లేదు.

ఇప్పుడు మీ వంతు. మీరంతా రావెప్ ఊళ్లలో ఉండి వచ్చారు. మీ రిపోర్టులో రైతులకు అవగాహన లేదు అని రాసిన చోటు ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఆ ఊరేది, ఆ రైతు ఏం చేశాడు, ఆయన్ని ఎందుకలా చేశావని అడిగారా లేదా, అంతవరకు చెప్పండి చాలు. మైకు అటు మూడో వరుసలో ఆకుపచ్చ చున్నీ అమ్మాయికి ఇవ్వండి, ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తోంది.